మొదటి పీరియడ్, మంచినీళ్ల సీసా

బడి గడప – పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ జవాబులు

పరీక్షల భయం గురించి కిందటి నెల రాసిన దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగు మాత్రం భయం గురించి కావు. నాలుగూ బైపోలార్ గురించే, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు అతి దిగులు వచ్చే మానసిక అనారోగ్యం గురించే. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ట్యూషన్ ఫీజుల గురించి, బ్యాగుల బరువు గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. ఇంకో మాట. నేను డాక్టర్ని కాను, ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని. మందుల సంగతి వచ్చిన ప్రతి చోటా నాకు తెలిసిన సైకియాట్రిస్టుకి చదివి వినిపించి, ఆవిడ సరేనన్నాకే రాశాను.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా పాప 9వ తరగతి, ప్రైవేటు స్కూలు, స్టేట్ సిలబస్. పోయిన ఆగస్టులో పది రోజులు నిద్ర లేకుండా తిరిగింది. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో డబ్బాలన్నీ దింపి కడిగేది. అయినా అలసట లేదు. స్కూల్లో యాన్యువల్ డేకి యాంకరింగ్, డాన్సు, నాటకం అన్నిటికీ పేరిచ్చింది. ఆ తర్వాత నెలన్నర మంచం దిగలేదు. హైదరాబాద్‌లో చూపిస్తే బైపోలార్ అన్నారు. లిథియం వాడుతున్నాం, రాత్రికి ఇంకో బిళ్ల ఉంది. ఇప్పుడు చాలా నయం. రెండు వారాలు బడికి వెళ్లింది. పొద్దున మందు మత్తు వదలక ఫస్ట్ పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేస్తే పిల్లలు నవ్వారట. ప్రిన్సిపాల్ గారు పిలిచి, ‘ఇక ఏ ప్రాబ్లమూ రాదని డాక్టరు చేత రాయించుకు రండి, లేదంటే టీసీ తీసుకోండి’ అన్నారు. సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య) సర్టిఫికెట్ తీసుకుందామంటే మా వారు ఒప్పుకోవడం లేదు, రేపు పెళ్లికి అడ్డం వస్తుందంటారు. స్కూలు వాళ్లని ఏమని అడగాలి? వాళ్లకి ఎంతవరకు చెప్పాలి?
– ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ టీసీ మాట తేల్చుకుందాం. ‘ఇక ఏ ప్రాబ్లమూ రాదు’ అని ఏ డాక్టరూ రాసివ్వరు. ఉబ్బసం ఉన్న పిల్లాడికైనా అలా రాసివ్వరు కదా. మీరు డాక్టరు దగ్గర అడగాల్సింది వేరే కాగితం. ‘ఈ అమ్మాయి బడికి వెళ్లడానికి ఆరోగ్యం సరిపోతుంది, మందులు వాడుతోంది, బడిలో ఫలానా ఫలానా సౌకర్యాలు అవసరం’ అని నాలుగు లైన్లు చాలు. అది ఏ డాక్టరైనా రాస్తారు.

చట్టం సంగతి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, మానసిక అనారోగ్యం అందులో ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ప్రైవేటుదైనా సరే వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లకు తగిన వెసులుబాటు కల్పించాలి అని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. చాలామంది తల్లిదండ్రులు విద్యా హక్కు చట్టం పట్టుకుని వెళ్తారు. పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని అందులో ఉన్న మాట నిజమే, కానీ ఆ రక్షణ 8వ తరగతితో ఆగిపోతుంది. మీ పాప 9లో ఉంది. ఆ ఒక్క ముక్క చూపించి ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని గేటు దాకా సాగనంపుతారు. మీకు పనికొచ్చేది 2016 చట్టం. అలాగని వెళ్లీ వెళ్లగానే చట్టం తీయకండి. అది మీ బ్యాగులోనే ఉండనివ్వండి, బయటికి తీయాల్సిన రోజు రాకపోవచ్చు.

ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ‘బైపోలార్’ అన్న మాట వినగానే హెడ్మాస్టరుకి ముందు కలిగేది జాలి కాదు, టెన్షన్. రేపు ఏదైనా అయితే బడి పేరు పేపర్లో వస్తుందేమో, పిల్ల మేడ మీదికి ఎక్కితే ఎవరు చూస్తారు, మిగతా పేరెంట్స్ ఏమంటారు, ఇవీ బుర్రలో తిరిగేవి. మీరేమో జబ్బు గురించి అరగంట చెబుతారు. ఆయనకు అందులో ఒక్క ముక్క ఎక్కదు. ఆయనకు కావాల్సింది ‘నేను రేపు పొద్దున ఏం చేయాలి’ అన్నది. కాబట్టి జబ్బు పేరు తక్కువగా, పిల్ల అవసరం ఎక్కువగా ఉండే కాగితం ఒకటి తయారు చేయండి. ఒక్క పేజీ. రెండో పేజీ ఎవరూ తిప్పరు.

అందులో మొదటిది నిద్ర. బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా మళ్లీ ఆ అతి హుషారు మొదలుకావచ్చు. పదో తరగతి పేరు చెప్పి మన బడుల్లో పొద్దున ఆరింటికి స్టడీ అవర్, సాయంత్రం ఏడు దాకా ఇంకో స్టడీ అవర్ పెడతారు. మీ పాపకి అవి రెండూ వద్దు. ఇంట్లో చదువుకుంటుంది. 9వ తరగతిలోనే ఈ మాట ఒప్పించుకోండి, ఎందుకంటే వచ్చే జూన్‌లో అడిగితే ‘టెన్త్ బ్యాచ్ కదండీ, ఒక్కరిని వదిలేస్తే మిగతావాళ్లూ అడుగుతారు’ అంటారు. రాత్రి బిళ్ల మత్తు వల్ల పొద్దున పీరియడ్ పోతోంది కాబట్టి, కొన్ని వారాలు రెండో పీరియడ్‌కి వచ్చినా లేట్ మార్కు వేయొద్దని, స్లిప్ టెస్టులు మొదటి పీరియడ్‌లో పెట్టొద్దని రాయండి. ఇదే సంగతి డాక్టరుతో కూడా చెప్పండి. బిళ్ల వేసే టైము ఒక గంట ముందుకు జరిపితే పొద్దున తేలిగ్గా ఉండొచ్చు. అది ఆయన నిర్ణయం, మీరు సొంతంగా మార్చకండి.

రెండోది నీళ్లు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. లిథియం వాడే పిల్లలకు దాహం ఎక్కువ, ఒంటేలుకి పోవడం ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, పెరిగితే ప్రమాదం. మీది ఖమ్మం. మీ ఎండల గురించి నేను చెప్పాలా? మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యేసరికే క్లాసు గది కుంపటిలా ఉంటుంది. సీసా బల్ల మీదే ఉండాలి, బ్యాగులో కాదు. టాయిలెట్‌కి ‘ఇంటర్వెల్ దాకా ఆగు’ అనకూడదు. చెయ్యెత్తి అందరి ముందు అడగాల్సిన పని లేకుండా, లేచి వెళ్లిపోయే వీలుండాలి. ఎండలో గేమ్స్ పీరియడ్ అయితే నీడలో కూర్చోబెట్టమని పీఈటీ మాస్టారికి విడిగా చెప్పండి. ఆయన స్టాఫ్ మీటింగులో ఉండరు, ఎప్పుడూ గ్రౌండ్‌లోనే ఉంటారు.

తలనొప్పి అంటే సిక్ రూమ్‌లో ఏదో ఒక బిళ్ల ఇచ్చేస్తారు కదా, అక్కడ కూడా జాగ్రత్త. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు లిథియాన్ని పెంచుతాయి. ‘మమ్మల్ని అడగకుండా ఏ మందూ వేయొద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం, వీటిలో ఏది కనబడినా ఇంటికి పంపడం కాదు, మీకు ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లిథియం రక్త పరీక్ష చివరి డోసు వేసిన 12 గంటలకు చేయించాలి కాబట్టి, ఆ రోజు పొద్దున పాప ఆలస్యంగా వస్తుంది. దాన్ని ఆబ్సెంట్ వేయొద్దని కూడా చేర్చండి.

మూడోది, బయటికి వెళ్లే దారి. క్లాసులో గుండె దడగా అనిపిస్తే, ఏడుపు వస్తే, లేదా బుర్ర పరుగులు పెడుతుంటే ఆమె ఎక్కడికి వెళ్లాలి? ‘కాసేపు బయటికి వెళ్లనివ్వండి’ అని రాస్తే సరిపోదు, వరండాలో తిరిగే పిల్లని ఇంకో టీచరు తిట్టి వెనక్కి పంపుతారు. మనిషి పేరు, చోటు పేరు ఉండాలి. లైబ్రరీ మేడమో, తెలుగు మేడమో, పాపకి ఎవరి దగ్గర బెరుకు లేదో అడిగి వాళ్ల పేరే రాయండి. పావుగంట కూర్చుని వచ్చేస్తుంది. ఆ మేడమ్ ఒప్పుకున్నాకే రాయండి సుమా.

ఇక మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట యాన్యువల్ డే. డల్‌గా ఉన్నప్పుడు పిల్ల సంగతి టీచర్లకి ఎలాగూ తెలుస్తుంది. హుషారుగా ఉన్నప్పుడే తెలియదు. పైగా మురిసిపోతాం! అన్నిటికీ చెయ్యెత్తే పిల్ల అంటే ఏ టీచరుకి చేదు? ‘ఒక టర్ములో ఒక్క కార్యక్రమమే, అది కూడా మా ఇంట్లో అడిగాకే’ అని రాయండి. నోటుబుక్కులు చూడమని క్లాస్ టీచరుకి చెప్పండి. నేను దిద్దిన కట్టల్లో చూశాను. హుషారు ఎక్కిన వారం అక్షరాలు పెద్దవై మార్జిన్ దాటేస్తాయి, నాలుగు రంగుల పెన్నులు, అడగని లెక్కలు కూడా చేసి ఉంటాయి. కిందికి జారిన వారం తేదీ, హెడ్డింగు ఉంటాయి, కింద ఏమీ ఉండదు. ఇవి చూడటానికి సైకాలజీ చదవక్కర్లేదు. మీ పాపకి మొదట మారేది ఏమిటో మీకే బాగా తెలుసు. రెండు పైకెళ్లే గుర్తులు, రెండు కిందికెళ్లే గుర్తులు రాసి, ‘ఇవి మూడు రోజులు వరసగా కనిపిస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అనండి.

పోయిన నెలన్నర పాఠాల మాట. అన్నీ రాసుకు రమ్మంటారు. రాయించకండి. చేతి వణుకుతో ఆరు సబ్జెక్టుల నోట్స్ కాపీ కొడితే ఆమెకి చదువు రాదు, జ్వరం వస్తుంది. ప్రతి సబ్జెక్టు టీచరూ ‘ఇది రాకపోతే ముందుకు నడవదు’ అన్న పాఠం ఒక్కటి చెప్పమనండి. లెక్కల్లో అయితే నేను బహుపదులు పట్టుకోమంటాను, మిగతావి ఫొటోకాపీ చాలు.

కాగితం ఇలా మొదలుపెట్టండి:

‘ప్రిన్సిపాల్ గారికి, మా అమ్మాయి ఆరోగ్య సమస్యకు చికిత్స పొందుతూ ఇప్పుడు బడికి రాగల స్థితిలో ఉంది. డాక్టరు గారి ఉత్తరం జత చేశాను. మీకు, టీచర్లకు ఇబ్బంది లేకుండా ఉండటానికి బడిలో కావాల్సిన సౌకర్యాలు కింద రాశాను. నెల తర్వాత మనం కలిసి చూసుకుని, అవసరం లేనివి తీసేద్దాం.’

ఆ చివరి వాక్యం వదలకండి. ఇది ఎప్పటికీ ఉండిపోయే తలనొప్పి కాదని ప్రిన్సిపాల్ గారికి తెలిస్తే సగం దిగొస్తారు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పడ్డ కాపీ ఉంటే, రేపు టీసీ మాట మళ్లీ వచ్చినప్పుడు డీఈవో ఆఫీసుకైనా, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కైనా మీరు ఉత్త చేతులతో వెళ్లరు.

ఎంత చెప్పాలన్నారు. జబ్బు పేరు ప్రిన్సిపాల్‌కి, క్లాస్ టీచరుకి, మీరు ఎంచుకున్న ఆ ఒక్క మేడమ్‌కి తెలిస్తే చాలు. మిగతా టీచర్లకి జబ్బు పేరు అక్కర్లేదు, సౌకర్యాల కాగితం చాలు. వాచ్‌మన్‌కీ, ఆయమ్మకీ ‘ఈ అమ్మాయి ఒంటరిగా గేటు దాటితే ఫోన్ చేయండి’ అన్నంతే. కాగితం రాసేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమెకి ఇష్టం లేనిది ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. మొదటి బెంచీలో కూర్చోబెట్టమని మీరు రాస్తారు, ఆమెకి చివరి నుంచి రెండోది కావాలేమో, ద్వారం పక్కన.

సదరం విషయంలో మీవారితో నాకు పూర్తిగా పేచీ లేదు. పైన చెప్పిన వాటికి వేటికీ సర్టిఫికెట్ అక్కర్లేదు, డాక్టరు ఉత్తరం చాలు. అవసరం పడేది పదో తరగతి పబ్లిక్ పరీక్షకి. అదనపు సమయం గానీ, రాసిపెట్టే మనిషి గానీ కావాలంటే ప్రభుత్వ డాక్టర్ల కాగితం అడుగుతారు. మానసిక అనారోగ్యానికి శాతం లెక్కకట్టేటప్పుడు నాలుగు సంగతులు చూస్తారు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం–అర్థం చేసుకోవడం, పని లేదా చదువు. దానికి జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నది కలుపుతారు. మందులతో కుదురుగా ఉన్న పిల్లకి, మామూలుగా అడిగే 40 శాతం రాకపోవచ్చు. రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. చేతిరాత సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రాసిపెట్టే మనిషిని ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం తప్పని చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది పడేవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. లిథియంతో చెయ్యి వణికే పిల్లకి ఆ మాట వర్తిస్తుందా లేదా అన్నది చూసే డాక్టరు తేల్చాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితాలు) తయారయ్యే ముందే హెడ్మాస్టరు ద్వారా అడగాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు.

పెళ్లి సంగతి మీవారికి నా తరఫున ఒక మాట చెప్పండి. సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, బోర్డు కట్టి వీధిలో పెట్టరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలనే చెబుతోంది. ఆపైన, పద్నాలుగేళ్ల పిల్లకి కావాల్సింది పదో తరగతి.

*

ప్రశ్న: నేను విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. ఇంటర్ ఫస్టియర్ కుర్రాడు వారం నుంచి రాత్రి మూడింటి దాకా లెక్కలు చేస్తున్నాడు. వార్డెన్ మెచ్చుకుంటున్నాడు. నిన్న ఫిజిక్స్ సార్‌తో గొడవ పెట్టుకుని ‘జేఈఈలో ఫస్ట్ ర్యాంకు నాదే, మీ దగ్గర నేర్చుకునేదేమీ లేదు’ అన్నాడు. వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తే, టెన్త్‌లో ఒకసారి ఇలాగే అయిందని, మందులు వాడారని, కాలేజీకి చెప్పొద్దని బతిమాలాడు. నేను ఏం చేయాలి?
– పేరు రాయొద్దన్న లెక్చరర్

జవాబు: మాస్టారూ, మీకంటే ముందు నేను ఇదే పరీక్షలో తప్పాను. 2003లో నా క్లాసులో పదో తరగతి కుర్రాడు ఒకడు పొద్దున అయిదింటికి గేటు దూకి బడికి వచ్చేవాడు. మూడు లాంగ్ నోటుబుక్కుల నిండా తన ‘కొత్త సిద్ధాంతం’ రాసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేవాడు, తప్పని చెబితే నాకే పాఠం చెప్పేవాడు. పొగరు అనుకున్నాను. నాలుగు రోజులు వరండాలో నిలబెట్టాను. అయిదో రోజు రాలేదు. రెండు నెలలు రాలేదు. రిజిస్టరులో వరసగా ఆబ్సెంట్ వేసుకుంటూ పోయి, ఒకరోజు ఎర్ర పెన్నుతో పేరు కొట్టేశాను. వాడిని మంచం మీద నుంచి లేపలేక వాళ్లమ్మ పడిన పాట్లు నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. జబ్బు పేరు తెలియడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు మోటార్ రీవైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మా ఇంటి బోరు మోటారు కాలితే వాడే వస్తాడు. డబ్బులు తీసుకోడు. ఆ నోటుబుక్కులు నా దగ్గరే ఉండాలి, ఇల్లు మారినప్పుడు పోగొట్టుకున్నాను.

అందుకని మీకు చెప్పేది ఇది. ర్యాంకు గురించి ఆ కుర్రాడితో వాదించకండి, వెక్కిరించకండి, ఫిజిక్స్ సార్‌కి క్షమాపణ చెప్పించే పని వాయిదా వేయండి. ఈ రోజే నాన్నని రమ్మనండి, రేపు కాదు. బస్సెక్కించి ఒంటరిగా ఇంటికి పంపకండి. రాత్రికి రూములో దీపాలార్పి, ఫోను పక్కన పెట్టించి, ఒక పెద్దవాళ్లు తోడుండాలి. ‘చచ్చిపోతాను’ అనో, ‘ఎగరగలను’ అనో అంటే ఒక్క నిమిషం కూడా వదలకండి, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి. డాక్టరు దొరికేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి–మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇది బైపోలార్ అని మాత్రం మీరు అనకండి, నేనూ అనను. ‘వారం నుంచి రాత్రి మూడింటి దాకా మేలుకుంటున్నాడు, మాట వేగం పెరిగింది, నిన్న ఇలా అన్నాడు’ అని చూసింది చూసినట్టు తేదీలతో రాసి నాన్న చేతికివ్వండి. డాక్టరుకి ఆ కాగితం చాలా ఉపయోగం.

నాన్న చెప్పొద్దన్నారు. ఆయన భయం సబబే, సీటు పోతుందని. కానీ ప్రాణం మీదికి వచ్చేది దాచకూడదు. ప్రిన్సిపాల్ ఒక్కరికి చెప్పండి, ఆ మాట నాన్నతో చెప్పే చేయండి. స్టాఫ్ రూములో మాత్రం ఎత్తకండి.

ప్రిన్సిపాల్ గారు ‘మనకెందుకండీ’ అంటే ఒక తీర్పు గుర్తు చేయండి. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో ఒకరినైనా పెట్టుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరి ముందు అవమానించకూడదు, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా పెట్టాలి. మీ కాలేజీ నోటీసు బోర్డు మీద ర్యాంకుల ఫొటోల పక్కన 14416 ఉందా? లేకపోతే మీరే ఒక తెల్ల కాగితం మీద రాసి అంటించండి.

ఆ కుర్రాడు తిరిగొచ్చాక హాస్టల్లో ఉండాలా, డేస్కాలర్‌గా రావాలా అన్నది డాక్టరుతో మాట్లాడి ఇంటివాళ్లు తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ ఉన్న హాస్టల్ ఆ పిల్లాడికి సరిపడదు. మూడింటి దాకా చదివినందుకు మెచ్చుకునే వార్డెన్ అసలే సరిపడడు.

*

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. జూన్‌లో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. మా అమ్మాయి ఇక్కడ 7వ తరగతి, రెండేళ్లుగా బైపోలార్‌కి మందులు వాడుతోంది. స్కూల్లో 504 ప్లాన్ ఉంది, టెస్టులకు ఎక్కువ టైము, మధ్యలో బ్రేకులు ఇస్తారు. ఆ కాగితం ఇండియాలో సీబీఎస్‌ఈ స్కూల్లో చెల్లుతుందా?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: చెల్లదమ్మా. 504 అన్నది అమెరికాలో 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్, దాని బలం అక్కడి వరకే. కానీ పారేయకండి, లామినేషన్ చేయించి తెండి. మన దగ్గర చాలా బడులకు ‘ఏం ఇవ్వాలి’ అన్నదే తెలియదు. ఇంకో బడిలో రెండేళ్లు నడిచిన కాగితం కళ్ల ముందుంటే మాట తేలిక. అసలు తేడా ఒకటుంది. అక్కడ పిల్లకేం కావాలో తేల్చే బాధ్యత బడి నెత్తిన ఉంటుంది, ఇక్కడ మీరే మోసుకు తిరగాలి.

సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, 3 గంటల పేపరుకి ఒక గంట. 9వ తరగతి రిజిస్ట్రేషన్ దగ్గరే ఆ వివరం పడేలా చూసుకోండి. అక్కడి డాక్టరు కాగితం కాదు, ఇక్కడి సర్టిఫికెట్ కావాలి. మీకు ఏడాది వ్యవధి ఉంది.

నాకు దీనికంటే దిగులుగా ఉన్నది మీ విమానం. డాలస్‌కీ హైదరాబాద్‌కీ వేసవిలో పదిన్నర గంటల తేడా. రాత్రి పగలై, పగలు రాత్రై నిద్ర తలకిందులైతే ఈ జబ్బు ఉన్న పిల్లలకు మూడ్ పైకి లేచే ప్రమాదం ఉంది. టికెట్లు కొనే ముందే అక్కడి డాక్టరుతో, ప్రయాణంలో ఏ టైముకి ఏ బిళ్ల అన్నది రాయించుకోండి. దిగిన వారంలోనే బడిలో వేయకండి. చుట్టాలందరూ ఒకేసారి వచ్చి పడకుండా చూసుకోండి (ఇది డాక్టరు చెప్పింది కాదు, నేను చెబుతున్నది). హైదరాబాద్‌లో చూసే సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటు అడ్మిషన్ కంటే ముందు తీసుకోండి. అక్కడ దొరికే మందులన్నీ ఇక్కడ దొరకవు, మార్చాల్సి వస్తే అది బడి మొదలయ్యే లోపే జరగాలి.

*

ప్రశ్న: మేడమ్, నేను టెన్త్. నెల రోజులు హాస్పిటల్, ఇల్లు. సోమవారం స్కూల్‌కి వెళ్లాలి. మా వ్యాన్ అంకుల్ ద్వారా అందరికీ తెలిసిపోయిందట. ఒకడు మా గ్రూపులో ‘మెంటల్ వస్తున్నాడు’ అని పెట్టాడు. వెళ్లాలని లేదు.
– ఒక కుర్రాడు, గుంటూరు

జవాబు: నాన్నా, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి అమ్మకివ్వు. అమ్మ దాన్ని క్లాస్ టీచరుకి చూపిస్తుంది. నువ్వు ఆ గ్రూపులో జవాబు రాయకు, వారం రోజులు మ్యూట్‌లో పెట్టు.

సోమవారం మొత్తం రోజు వెళ్లక్కర్లేదు. మధ్యాహ్నం దాకా వెళ్లి వచ్చేయ్. మంగళవారం ఇంకో రెండు పీరియడ్లు. ఇలా వెళ్లొచ్చా అని అమ్మ శనివారమే స్కూల్లో మాట్లాడాలి, నా పేరు చెప్పి అడగమను. ప్రార్థన టైముకి వెళ్లకు. అందరూ వరసల్లో నిలబడి చూస్తారు. బెల్లు అయ్యాక నేరుగా క్లాసులోకి వెళ్లు. ఆదివారం సాయంత్రం ఒక్క ఫ్రెండ్‌ని ఇంటికి పిలిచి, రేపు నాతో కలిసి నడవరా అని చెప్పు. పదిమంది అక్కర్లేదు, ఒక్కడు చాలు.

అందరూ అడిగేది ఒకటే, ‘ఇన్నాళ్లు ఎక్కడికి పోయావురా’ అని. జవాబు ముందే నోటికి రావాలి, ఎక్కం వచ్చినట్టు. అబద్ధం చెప్పకు, టైఫాయిడ్ అన్నావనుకో, ఇంకోడికి ఇంకోటి చెప్పి దొరికిపోతావు. జబ్బు పేరు చెప్పాల్సిన పనీ లేదు. అద్దం ముందు నాలుగుసార్లు అనుకుని వెళ్లు: ‘ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతున్నా, ఇప్పుడు ఫర్వాలేదు. సోషల్ నోట్స్ ఎవరి దగ్గర ఉంది?’